మనసులో పెట్టుకోనన్న ఏడాది

కొత్త సంవత్సరం తీర్మానాల మీద నాకు నమ్మకం లేదు. అయినా పోయినేడు ఒకటి చేసుకున్నాను. పొద్దున లేవగానే టీవీ పెట్టకుండా కాసేపు ఒంటరిగా కూర్చోవాలి. పాత కోపాలు ఒక్కొక్కటే తీసి పారేయాలి. అన్నిటికంటే పెద్దది చెల్లెలి మీదది.

ఎల్‌బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లోని మా గల్లీకి వచ్చి, మా పక్కింటావిడకు బొట్టు పెట్టి గృహప్రవేశానికి పిలిచింది. నా గడప తొక్కలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "రేపు పొద్దుగాల్నే రావాలె అక్కా" అంది, అంతే. బొట్టు పెట్టని పిలుపుకు మా వాళ్లెవరూ కదలరు. నేనూ కదల్లేదు. ఆ తర్వాత ఏళ్లతరబడి మాటల్లేవు.

జనవరిలోనే తెలిసింది, ఆమెకు పెద్ద ఆపరేషన్ అయిందని, డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారని. మెట్రో ఎక్కి వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద సగమైపోయి ఉంది.

"గా పాత సంగతి నేను మనసుల పెట్టుకోలే" అన్నాను.

నవ్వబోయి దగ్గింది. "పెట్టుకోనోళ్లు గింత దూరమొచ్చి చెప్తరా అక్కా?"

"మరి పక్కింటామెకు పెట్టిన బొట్టు నాకెందుకు పెట్టలే?"

"ఆమె బయటామె. నువ్వు ఇంటిదానివి. ఇంటిదాన్ని బొట్టు పెట్టి పిలుస్తరా? నీ చేతులతోని పాలు పొంగియ్యాలని పొయ్యి ముట్టియ్యకుండ కూసున్న. మా అత్తగారోళ్లు మూతులు తిప్పుకుంటున్నా గేటు దిక్కే చూసిన."

అక్కడితో ఊరుకుంటే బాగుండేదని మా ఆయన ఇప్పటికీ అంటాడు. న్యాయం న్యాయమే కదా. "గా మాట ఫోన్ల చెప్తే నీ నోరు అరిగిపోతుండెనా?" అన్నాను.

ఆమె గోడవైపు తిరిగింది. ఎన్నిసార్లు పిలిచినా ఇటు తిరగలేదు. మరిది మెట్లదాకా వచ్చాడు. "ఏమనుకోకు వదినా, పానం జర కుదుటపడ్డంక ఫోన్ చేస్త. అప్పుడు రా."

ఉగాదికి ముందు చేశాడు. పోయిందని చెప్పడానికి.

పొద్దున ఒంటరిగా కూర్చోవడం మాత్రం మానలేదు. కళ్లు మూసుకోగానే ఆ గది వస్తుంది, ఆ వీపు వస్తుంది. ఇంటివాళ్లకు మాత్రం మర్యాద అక్కర్లేదా అని అడుగుతాను. మాటల్లేని ఏళ్లలోనూ ఇలా మనసులో అడిగితే ఆమె గొంతుతో ఏదో ఒక జవాబు వచ్చేది. ఇప్పుడు ఆ వీపు ఇటు తిరగదు.