మిరియం నోట్లో గీతలు

వీధిలో అందరూ ఆయన్ని హీటరు బాబాయి అనే పిలుస్తారు. నీళ్ళు కాచే హీటర్లు బాగుచేయడం ఆయన పని. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. పాడైనవాటిని విప్పి, బిగించి, మళ్ళీ విప్పి చేయి తిరిగినవాడు. హీటరుకి ఏమైందో ఎవరైనా కథలా చెప్పబోతే, "ముందు నన్ను మూత తీయనివ్వండి" అంటాడు. అంతకుమించి మాట్లాడడు.

ఆయనింట్లో మిరియం అనే నల్లటి పొట్టి కుక్క ఉంది. పదకొండేళ్ళది. నాలుగు నెలల కిందట దాని నోరు వాసన రావడం మొదలైంది. బాబాయి పెదవి ఎత్తి చూశాడు. వెనక పళ్ళ మీద పసుపుపచ్చగా, పెచ్చులా గార పేరుకుని ఉంది. ఉప్పునీళ్ళకి హీటరు రాడ్డు మీద పట్టే పొర అచ్చం అలాగే ఉంటుంది. రోజూ చూసేదే కదా అనుకున్నాడు.

భార్య చెల్లెలింటికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం మిరియాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. పనిముట్ల సంచిలోంచి సన్నటి ఉక్కు గీకుడు పుల్ల తీసి, స్పిరిట్‌తో తుడిచి గీకాడు. పెచ్చు ఊడి, కింద తెల్లటి పన్ను బయటపడింది. కుక్క మూలిగింది కానీ కరవలేదు. పని కుదిరిందని ఆయనకి సంతోషం వేసింది. నెల తిరక్కుండానే గార మళ్ళీ పట్టింది. మళ్ళీ గీకాడు. అలా నాలుగుసార్లు. ప్రతిసారీ ఇంకా తొందరగా ఎందుకు పడుతోందో మాత్రం ఆయనకి అంతుపట్టలేదు.

ఇప్పుడు మిరియం మూడు రోజులుగా తిండి ముట్టడంలేదు. గిన్నె దాకా వెళ్తుంది, నోట పెట్టుకుంటుంది, వదిలేస్తుంది. కుడి కంటి కింద వాచింది. భార్యాభర్తలిద్దరూ దాన్ని ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తారు.

డాక్టరమ్మ పెదవి ఎత్తి, లైటు వేసి చూసింది. "దీని పళ్ళు ఎవరు గీకారు?"

"గీకడమేంటమ్మా?" అంది భార్య.

"నేనే" అన్నాడు బాబాయి.

భార్య ఆయన వైపు తిరిగింది. "ఊళ్ళో హీటర్లన్నీ అయిపోయాయా? దీని నోరొక్కటే మిగిలిందా మీకు?"

డాక్టరమ్మ తిట్టలేదు. భూతద్దం ఆయన చేతికిచ్చి, "చూడండి" అంది. పన్ను నిండా సన్నసన్నటి గీతలు. ఆయన చేతి వాటమే అది. ఏ వైపు నుంచి ఏ వైపుకి లాగాడో కూడా తెలిసిపోతోంది.

"ఈ గీతల్లో..." అని ఆమె మొదలుపెట్టింది.

"పొర ఇంకా గట్టిగా పట్టుకుంటుంది" అని ఆయనే పూర్తిచేశాడు. రాడ్డు మీద గీత పడనీయకూడదని ఎందరికి చెప్పాడో!

"తెలిసే చేశారా?"

"రాడ్డు సంగతి తెలుసమ్మా. పన్ను సంగతి తెలీదు."

"మీరు తీసింది పైన కనబడేదే. జబ్బు చిగురు కింద ఉంది. వేరు దగ్గర చీము పట్టింది. మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి, పాడైన పళ్ళు పీకేయాలి. కానీ దీని గుండె చప్పుడు కాస్త తేడాగా వినిపిస్తోంది, మత్తుకి అదే భయం."

"మత్తు లేకుండా కాదా? కదలకుండా నేను పట్టుకుంటాను."

"ఇన్నాళ్ళూ పట్టుకునే కదా గీకారు?"

"మత్తులోంచి లేస్తుందా అమ్మా?" అన్నాడు బాబాయి.

"చాలావరకు లేస్తాయి. నా జాగ్రత్తలు నేను తీసుకుంటాను. మాట మాత్రం ఇవ్వలేను."

తనైనా అలాగే చెప్పేవాడు. అయినా కాగితం మీద సంతకం రెండుసార్లు తప్పు చోట పెట్టాడు.

బయట బల్ల మీద ఒక పెద్దావిడ బుట్టలో పిల్లితో కూర్చుని ఉంది. "మీ కుక్కకేమైంది నాయనా?"

"పళ్ళు."

"అదృష్టవంతుడివి. నా పిల్లికి పళ్ళు భేషుగ్గా ఉన్నాయి, నా చేతులు చూడు!" అని గాట్లు చూపించింది. భార్య నవ్వబోయి ఆగిపోయింది. ఆయనకి ఆ మాటే వినబడలేదు. తలుపు అవతల మిరియం గుండె కొట్టుకోవడం చూపే యంత్రం టిక్కు టిక్కుమంటోంది. ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య ఆయన ఊపిరి బిగబడుతోంది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది.

ఆయన లేచాడు. భార్య చొక్కా పట్టి లాగింది. "కూర్చోండి. అక్కడికెళ్ళి మీరేం బిగిస్తారు?" అంది. చొక్కా మాత్రం వదల్లేదు.

తలుపు తెరుచుకుంది. "ఐదు పళ్ళు తీశాను. పని అయ్యాక యంత్రం తీసేశాం. ఊపిరి బాగానే ఉంది, ఇంకా కళ్ళు తెరవలేదు. వచ్చి పక్కన కూర్చోండి."

మిరియం దుప్పటి మీద గుడ్డపేలికలా పడి ఉంది. నాలుక పక్కకి జారింది. భార్య "మిరియం, మిరియం తల్లీ" అని పిలుస్తూనే ఉంది. ఆయన దాని పొట్ట లేవడం, దిగడం మాత్రం చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికో చెవి కదిలింది. తర్వాత ఒక కన్ను తెరుచుకుంది. భార్య గొంతు వినగానే తోక కొస రెండుసార్లు ఆడింది. ఆయన చేయి చాపాడు. కుక్క మూతి తిప్పి దుప్పట్లో దాచుకుంది.

"రెండు వారాలు నోటి జోలికి వెళ్ళకండి" అంది డాక్టరమ్మ. "పుండ్లు మానాక మెత్తటి బ్రష్షుతో, కుక్కల పేస్టుతో రోజూ తోమాలి. మనం వాడే పేస్టు వద్దు. ముందు పేస్టు రుచి అలవాటు చేయండి. ఇనుము మాత్రం చూపించకండి."

పదిహేనో రోజు నుంచి బాబాయి పొద్దున్నే, పనికి వెళ్ళేముందు, వేలి మీద కాస్త పేస్టు పెట్టుకుని నేల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మిరియం మంచం కిందికి దూరేది.

"నా దగ్గరికైతే వస్తుంది. నేను తోముతాలెండి" అంది భార్య.

"వద్దు. బెదరగొట్టింది నేను."

అలా కూర్చోగా తొమ్మిదో రోజున అది మంచం కిందనుంచి పాక్కుంటూ వచ్చింది. దూరం నుంచే మెడ చాపి, వేలి కొస ఒక్కసారి నాకి, గబుక్కున వెనక్కి పోయింది. పెదవి ఎత్తి చూడాలని ఆయనకి మనసు లాగింది. చేయి కదల్చలేదు.

"తోమారా?" అని వంటగదిలోంచి భార్య అడిగింది.

"లేదు, ఇవాళ్టికి ఇంతే" అని చెప్పి, వేలు కడుక్కోవడానికి లేచాడు.