పడని మందు

పురుషుల వార్డులో అందరూ ఆమెను సూదక్క అనేవారు. ఇరవై నాలుగేళ్లుగా నర్సు పని చేస్తున్న మనిషి. ఇంజెక్షన్ల వల్ల ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్లు అనుకునేవారు. కాదు, నాలుక వల్ల వచ్చిందని వారం తిరక్కముందే వాళ్లకు తెలిసిపోయేది. చీటీ మీద డాక్టరు రాత అర్థం కాకపోతే, ఆయన అన్నం తింటున్నా సరే వెళ్లి, "ఇది మందు పేరా సార్, చీమ సిరాలో పడి నడిచిందా?" అని అడిగేది. ఆమెను ఇష్టపడినవాళ్లు తక్కువ. తమ ఇంట్లోవాళ్లు జబ్బుపడితే మాత్రం అందరూ ఆమె డ్యూటీలో ఉన్నప్పుడే తెచ్చి చేర్పించేవారు.

ఆ వార్డులోకి కంప్యూటరు వచ్చింది. కాగితం ఫైళ్లు ఇక ఉండవని, రోగి వివరాలన్నీ తెరమీదే రాయాలని సూపరింటెండెంటు ప్రకటించాడు. ఆయనకది సొంతబిడ్డ పెళ్లికన్నా ఎక్కువ. నలభైమంది నర్సులను ఒక హాల్లో కూర్చోబెట్టి, కంపెనీ ఇంజనీరు గోడమీద రెండు గంటలు బొమ్మలు చూపించాడు. మీట మీద ఒక్కరి వేలూ పడలేదు. దాన్నే శిక్షణ అన్నారు. వారంలో ఫైళ్లన్నీ గదిలో పడేసి తాళం వేశారు.

తెరమీద అక్షరాలు ఆవగింజలంత. జ్వరం ఎంతుందో ఎక్కించాలంటే ఆరుసార్లు నొక్కాలి. మూడు నిమిషాలు ముట్టుకోకపోతే అది మనిషిని బయటికి తోసేసేది. మళ్లీ పాస్‌వర్డు, మళ్లీ మొదటినుంచి. అన్నింటికన్నా పాడు సంగతి పసుపు పెట్టె. ఈ మాత్ర అన్నం తిన్నాక ఇవ్వాలని చెప్పడానికీ అదే పెట్టె, ఈ మందుతో ప్రాణం పోవచ్చని చెప్పడానికీ అదే పెట్టె. రోజుకు రెండువందలసార్లు ఎగిరివచ్చే దాన్ని ఎవరు చదువుతారు? డాక్టర్లూ నర్సులూ ఈగను తోలినట్టు 'సరే' మీద నొక్కి తోలేసేవారు.

సూదక్క తప్పులన్నీ కాగితం మీద రాసుకుని సూపరింటెండెంటు దగ్గరకు వెళ్లింది. ఆయన కాగితం తిప్పికూడా చూడలేదు.

"అందరూ వాడుతున్నారు. మీ ఒక్కరికే కష్టమా సిస్టర్?"

"అందరికీ కష్టమే సార్. వాళ్లు చెప్పడం లేదు, నేను చెబుతున్నాను."

"వయసు మీదపడితే కొత్తది ఏదీ ఎక్కదు. ప్రాక్టీసు చేయండి."

"నాకన్నా మీరు ఆరేళ్లు పెద్ద" అని వచ్చేసింది. ఆనాటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

రెండు నెలల తర్వాత ఒక వడ్రంగి కాలికి ఉలి దిగి, చీము పట్టి వార్డులో చేరాడు. పక్కన ఆయన భార్య. సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. సూదక్క చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

"అమ్మా, ఈయనకి పెన్సిలిన్ పడదు. పోయినసారి మొహం గుమ్మడికాయంత వాచింది. మర్చిపోకండి."

"మర్చిపోను. ఇప్పుడే రాస్తున్నా" అంది సూదక్క.

పడని మందుల పేజీ ఎక్కడో మూడు తెరల వెనక ఉంది. పట్టుకుని, పేరు కొట్టింది. 'ఫలితాలు లేవు' అంది తెర. అక్కడి జాబితాలో ఆ మందుకు కంపెనీలు పెట్టిన పేర్లు ముప్ఫైయొక్కటి ఉన్నాయి గానీ, మనుషులు నోటితో అనే మాట లేదు. మళ్లీ కొట్టింది. ఈలోగా ఆరో మంచంమీద ముసలాయన వాంతి చేసుకున్నాడు. పరుగెత్తి, తుడిచి వచ్చేసరికి తెర ఆమెను బయటికి తోసేసింది. మూడోసారి ఇక విసుగెత్తి, 'ఇతర వ్యాఖ్యలు' అన్న గడిలో పెద్ద అక్షరాలతో పెన్సిలిన్ పడదని కొట్టింది. భద్రపరచబడింది అని ఆకుపచ్చగా వచ్చింది. అమ్మయ్య అనుకుంది.

ఆ గడి డాక్టరు తెరమీద కనిపించదని ఆ ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు.

మర్నాడు ఆమెకు సెలవు. పొద్దున పదింటికి డాక్టరు రౌండ్లకు వచ్చేముందు బంధువులందరినీ బయటికి పంపారు. వడ్రంగి భార్య మెట్లమీద కూర్చుంది. లోపల డాక్టరు పెన్సిలిన్ రకం మందే రాశాడు. తెర అడ్డుచెప్పలేదు. చిన్న నర్సు ఇంజెక్షన్ ఇచ్చింది. పావుగంటలో వడ్రంగి గొంతు పూడుకుపోయింది. నాలుగు రోజులు మిషన్‌తో ఊపిరి పోశారు. బతికాడు. గొంతు మాత్రం పోయింది. మాట్లాడితే రంపం కోసినట్టు గరగరమనేది.

సెలవు ముగించుకుని వచ్చిన సూదక్కకు వరండాలోనే ఆయన భార్య ఎదురైంది. అరవలేదు.

"నీకు చెప్పాను కదా. చెయ్యి పట్టుకుని చెప్పాను కదా. రాస్తానన్నావు కదా."

"రాశానమ్మా."

"ఎక్కడ రాశావు? నీళ్లమీదా?"



ఆ సాయంత్రం ఇంట్లో సూదక్క కంచం ముందు కూర్చుని లేచిపోయింది. "ఆస్పత్రి కోపం అన్నంమీద చూపిస్తే ఎట్లా అమ్మాయ్" అని అత్తగారు సణిగింది. బస్సు డ్రైవరుగా పనిచేసే భర్త అంతా విని అన్నాడు.

"బ్రేకు తీసుకెళ్లి వెనక సీటు కింద పెట్టారు. బస్సు గుద్దాక డ్రైవర్ని పట్టుకుంటారు. చూస్తూ ఉండు."

అలాగే అయింది. మూడో రోజు విచారణకు పిలిచారు. బల్లకు అటువైపు సూపరింటెండెంటు, ఇద్దరు పెద్ద డాక్టర్లు. పక్కన ఇస్త్రీ చొక్కాలో కంపెనీ ఇంజనీరు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. 'నా నిర్లక్ష్యం వల్ల' అని మొదలయ్యే కాగితం ముందే టైపు చేసి ఉంది.

"సంతకం పెట్టండి" అన్నాడు సూపరింటెండెంటు.

"నా తప్పు ఉంది సార్. తర్వాతి డ్యూటీవాళ్లకి నోటితో కూడా చెప్పాల్సింది. ఆకుపచ్చ అక్షరాలు నమ్మి చెప్పలేదు. అది ఎంత కావాలంటే అంత రాసిస్తా. ఇందులో ఉన్నది మాత్రం అబద్ధం."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "సిస్టమ్‌లో దానికి వేరే పేజీ ఉంది మేడమ్. శిక్షణలో చూపించాం. మీరు వాడలేదు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట" అన్నాడు సూపరింటెండెంటు, పక్కవాళ్లవైపు చూసి నవ్వుతూ.

"మద్దెల ఓడో కాదో మీరే ఒకసారి వాయించి చూడండి సార్. కంప్యూటరు ఇక్కడే ఉంది. ఒక మనిషికి పెన్సిలిన్ పడదని ఎక్కించండి. మీకు రాకపోతే దాన్ని చేసినాయనే ఎక్కించాలి."

పెద్ద డాక్టర్లలో ఒకాయన తల ఊపాడు. ఇక తప్పక ఇంజనీరు కుర్చీ జరుపుకున్నాడు. మొదటి తెర, రెండో తెర. పేరు కొట్టాడు. ఫలితాలు లేవు. ఇంకోలా కొట్టాడు. సూదక్క అతని వెనక నిలబడి ఒక్కో నొక్కూ పైకి లెక్కపెడుతూ ఉంది. ఐదు దగ్గర, "సిస్టర్, ఆరో మంచం ఆయన వాంతి చేసుకుంటున్నాడు, రండి" అంది, వార్డులో పిలిచే గొంతుతోనే. అతను ఉలిక్కిపడి వేరే గడిమీద నొక్కాడు. తెర మొదటికొచ్చింది.

"డిస్టర్బ్ చేయకండి మేడమ్."

"నా వార్డులో ముప్ఫైరెండు మంచాలు. అన్నీ డిస్టర్బ్ చేస్తాయి. వాటి మధ్యనే ఇది ఎక్కాలి."

పదకొండో నొక్కుకు ఎక్కింది. నాలుగు నిమిషాలు దాటాయి. దాన్ని తయారుచేసినవాడి నుదుటిమీద చెమట. సూపరింటెండెంటు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది గానీ, అది సిగ్గు వల్ల కాదు, కోపం వల్ల. ఆమె సంతకం పెట్టకుండానే బయటికి వచ్చింది.

తీర్పు తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు వచ్చింది. నర్సు జాగ్రత్తపడాల్సింది, డాక్టరు అడగాల్సింది, తెరను మెరుగుపరచవచ్చు. కాగితంమీద ముగ్గురికీ సమానమే. వార్డునుంచి తీసేసి పాత ఫైళ్ల గదికి పంపింది మాత్రం ఒక్క సూదక్కనే. దుమ్ములో దగ్గుతూ ఎనిమిది నెలలు కూర్చుంది. ఊరుకోలేదు. ఏ వార్డులో ఏ తప్పు జరగబోయి ఆగిందో, ఏ తెరవల్లో నర్సులను అడిగి రాసి, వారానికొకటి చొప్పున విచారణలో తల ఊపిన ఆ పెద్ద డాక్టరుకు పంపేది. చివరికి ఆయనే పట్టుబట్టాడు. పడని మందు ఇప్పుడు ప్రతి తెరమీదా రోగి పేరు పక్కనే కనిపిస్తుంది. ఎక్కించడానికి రెండు నొక్కులు. ప్రాణం మీదికొచ్చే హెచ్చరిక ఒక్కటే తెర నిండా వస్తుంది, కారణం రాయందే కదలదు. కొత్త పేజీ ఏది వచ్చినా వార్డులో నిలబడి నర్సులు నొక్కి చూశాకే వాడాలని ఉత్తర్వు కూడా వచ్చింది. దానిమీద సూపరింటెండెంటు పళ్లు నూరుతూ సంతకం పెట్టాడు. కంపెనీవాళ్లు సభ పెట్టి అదంతా తమ ఆలోచనేనని చెప్పుకున్నారు. ఆ సభకు ఆమె వెళ్లలేదు.

ఆమెను వార్డుకు తిరిగి పంపారు. సూపరింటెండెంటూ ఆమే ఎదురుపడితే ఇప్పటికీ చెరోవైపు చూస్తారు.

వడ్రంగిని మూడు నెలలకోసారి చూపించడానికి ఆయన భార్య తీసుకొస్తుంది. బయటి రోగుల గదిలో పేర్లు ఎక్కించడానికి రెండు బల్లలు. ఒకరోజు అందులో ఒక బల్ల దగ్గర డ్యూటీ సూదక్కకు పడింది. ఆమె ముందు ఎవరూ లేరు. ఆయన అటు నడవబోతే, భార్య మోచేయి పట్టి లాగి, పాతికమంది ఉన్న రెండో వరుసలో నిలబెట్టింది.