రత్నం పిన్ని సంతకాల గిటార్లు

గిటార్ పెట్టె మూత ఎత్తగానే ముందుగా తగిలేది వాసన. పాత మఖమల్ గుడ్డ, ఆరిన చెక్క, ఆ చెక్కకి రాసే నిమ్మనూనె, మూడూ కలిసిన వాసన. మొన్న భిలాయి పక్కన రిసాలిలోని మా ఇంట్లో, వడగాలికి కిటికీలన్నీ మూసేసిన మధ్యాహ్నం, నల్ల గిటార్‌ని తుడుద్దామని పెట్టె తెరిచాను. ఆ వాసన తగిలీ తగలకముందే దాని వెనకే ఇంకో వాసన వచ్చినట్టనిపించింది. కొత్త చీరల గంజి వాసన. ఇంట్లో కొత్త చీరలేవీ లేవు. కానీ నా ముక్కుకి ఈ రెండు వాసనలూ విడిగా తెలియవు. నేను ఈ గిటార్‌ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నది చీరల కొట్టులో. నా చేతికి ఇచ్చినావిడ రత్నం పిన్ని.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా నాన్నా, ఆవిడ భర్తా భిలాయి ఉక్కు ప్లాంటులో ఒకే షిఫ్టులో పనిచేసేవారు. సెక్టర్ 2లో మా రెండు క్వార్టర్లకీ మధ్య ఒక గోడే అడ్డం. విజయనగరం దగ్గరి పల్లె నుంచి పెళ్లయి భిలాయి వచ్చిన కొత్తలో ఆవిడ చీరలు మూట కట్టుకుని క్వార్టర్ క్వార్టర్‌కీ తిరిగి అమ్మేవారట. నాకు ఊహ తెలిసేసరికి మార్కెట్లో సొంత కొట్టు పెట్టేశారు. పొడవైన మనిషి, పెద్ద గొంతు. తెలుగువాళ్లతో విజయనగరం యాసలోను, మిగతావాళ్లతో అదే యాస కలిపిన హిందీలోను మాట్లాడేవారు. రెండు భాషల్లోనూ మొహమాటం లేదు. బజారులో అందరూ ఆవిడని 'గిటార్‌వాలీ దీదీ', అంటే గిటార్ల అక్క, అనేవారు. కారణం, కొట్టులో చీరల అరల పైన, దేవుడి పటాల పక్కన, గోడకి మూడు గిటార్లు వేలాడుతుండేవి. ఆవిడకి వాయించడం రాదు.

అవి మామూలు గిటార్లు కావు. పేరున్న గాయకుల కోసం గిటార్లు చేసేవాళ్లు ప్రత్యేకంగా ఒక నమూనా తయారుచేస్తారు. రంగు ఏమిటి, అంచు ఎలా ఉండాలి, ముత్యపు చిప్పతో ఏ బొమ్మ పొదగాలి, అన్నీ ఆ గాయకుడు కోరినట్టే ఉంటాయి. ఎక్కడో ఒకచోట ఆయన సంతకం ఉంటుంది. అచ్చం అలాంటివే మరికొన్ని చేసి అమ్ముతారు. సిగ్నేచర్ మోడల్ అంటారు వాటిని. ఒకసారి పిన్ని చీరల కోసం కలకత్తా వెళ్లి, దారిలో ఒక వాద్యాల దుకాణం అద్దంలో నల్లగా మెరుస్తున్న గిటార్‌ని చూసి ఆగిపోయారట. ఆ కథ ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా అదే ఉత్సాహంతో చెప్పేవారు.

"నల్లటి పట్టుచీరకి తెల్లటి అంచు పెట్టినట్టుందే! మెడ పొడుగునా తీగ, తీగకి ఆకులు, అన్నీ చిప్పతోటి. ఆ చివర ఏదో గిలికీసి ఉంది. ఏటిది భయ్యా అనడిగితే, ఇది పాడినాయన సంతకం అన్నాడు. నాను ఇన్నేళ్లు చీరలమ్మేను, ఏ చీర మీదా నేసినోడి పేరు చూడ్నేదు. ఈ వస్తువు మీద మనిషి పేరుంది. అది నాకు నచ్చీసింది."

ఆ ప్రయాణంలో కొనాల్సిన చీరలు కొన్ని తగ్గించి గిటార్‌తో ఇంటికొచ్చారు. తర్వాత కొన్నేళ్లకి మరో రెండు చేరాయి. రెండోది నడిమధ్య తేనెరంగు, అంచులకి వచ్చేసరికి ముదురు గోధుమ. గోళ్ల గీతలు పడకుండా ముందువైపు అతికించే పలక మీద పూలూ పిట్టలూ చెక్కి ఉంటాయి. ఆవిడ దాన్ని 'మగ్గం పని జాకెట్టు' అనేవారు. మూడోది ఒక గాయని సంతకం ఉన్న చిన్న గిటార్. దాని మీద పనేమీ లేదు, గుండ్రటి రంధ్రం చుట్టూ ఒక్క సన్నటి వలయం తప్ప. ఆ వలయాన్ని వెలుతురులో తిప్పితే పచ్చ, నీలం, గులాబీ రంగులు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తేవి. "కట్టడం తెలిసిన మనిషి కట్టిన నేత చీర" అని దానికి ఆవిడ పెట్టిన పేరు.

డిగ్రీ పూర్తయ్యాక నేను ఆ కొట్టులో లెక్కలు చూసే పనికి చేరాను. కాలేజీ సంగీత బృందంలో గిటార్ నేర్చుకున్నాను గానీ, చదువు అయిపోగానే ఆ గిటార్ కాలేజీలోనే ఉండిపోయింది. నాకంటూ ఒకటి లేదు. మొదటి వారంలోనే పిన్ని నిచ్చెన వేసుకుని నల్ల గిటార్‌ని దించి నా ఒళ్లో పెట్టారు.

"వాయించీ, ఇందాం."

నేను తీగలు సరిచేసి కాసేపు వాయించాను. నాదం చాలా బాగుంది. ఆ మాటే చెప్పి, కాలేజీలో నేర్చుకున్న గర్వంతో ఇంకో మాట కూడా అన్నాను. "శబ్దం బాగుంటే చాలు పిన్నీ. చిప్పతో చేసిన ఈ ఆకులూ తీగలూ లేకపోయినా ఇలాగే పలుకుతుంది."

ఆవిడకి కోపం రాలేదు. నవ్వి, పక్కనే ఉన్న చీర మడత విప్పి కొంగు నా ముందు పరిచారు. "చలికీ ఎండకీ కప్పుకోడానికైతే తెల్లగుడ్డ చాలు. మరి ఈ కొంగు మీద ఇంత పనెందుకెట్టాడు? కట్టుకున్న మనిషికి ఈ పూట నాది అనిపించాలని. ఆ తీగ కూడా అందుకే. వాయించిన మనిషికి పట్టుకోగానే ఒక ధైర్యం రావాల."

అప్పటికి ఆ మాట నేను ఒప్పుకోలేదు. కానీ ఆవిడ పెట్టిన పద్ధతి మాత్రం ఒప్పుకున్నాను. మధ్యాహ్నం బేరాలు తగ్గాక రోజుకో గిటార్ దించాలి. ముందు మెత్తటి గుడ్డతో తుడవాలి. తుడుస్తూ దాని మీద ఏమేమి ఉన్నాయో ఆవిడకి చెప్పాలి. ఆ తర్వాతే వాయించాలి. మొదట్లో విసుగ్గా ఉండేది. నల్లగా ఉంది, తెల్లగా ఉంది అని ముగించేదాన్ని. "చీర కొనడానికొచ్చినోళ్లకి అలాగే చెప్తావేటి?" అనేవారు. మెల్లగా కళ్లు తెరుచుకున్నాయి. నల్ల గిటార్ తీగలో ఒక ఆకు మాత్రం వెనక్కి వంగి ఉందని కనిపెట్టిన రోజు మేమిద్దరం పండగలా మిఠాయి తిన్నాం. అలా చూడటం అలవాటయ్యాక వాయించడంలోనూ ఏదో మారింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దూకేసే నేను, మధ్యలో ఉన్నదాన్ని కూడా వినడం మొదలుపెట్టాను. చీరలు కొనడం అయిపోయినా వింటూ బల్లల మీంచి లేవనివాళ్లు మెల్లగా పెరిగారు.

రెండేళ్ల తర్వాత ఉగాదికి మా తెలుగువాళ్ల సంఘం పెద్ద ఎత్తున సంగీత కార్యక్రమం తలపెట్టింది. ఆ ఏర్పాట్లు చూసే ప్రసాదరావు గారు ఒక సాయంత్రం కొట్టుకి వచ్చారు. రాయపూర్ నుంచి ఒక గిటార్ కళాకారుడిని పిలుస్తున్నామనీ, వేదిక మీద చూడటానికి నిండుగా ఉంటుందనీ, ఆ నల్ల గిటార్ ఒక్క పూటకి ఇవ్వమనీ అడిగారు.

"దాన్దేముంది, ఇస్తాను" అన్నారు పిన్ని నన్ను చూపిస్తూ. "మా హేమ పట్టుకొస్తాది. హేమే వాయిస్తాది."

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "అది కాదు రత్నమ్మ గారూ. అమ్మాయి బృందంలో పాడనీండి. గిటార్ అంటే బయటి నుంచి ఎక్స్‌పర్ట్ వస్తున్నాడు కదా. జనం మన కొట్లో పిల్లని చూడ్డానికి వస్తారేటండీ?"

ఆ మాట నా మొహం మీదే అన్నారు. తల దించుకుని రసీదు పుస్తకం సర్దసాగాను. పిన్ని గొంతు పెంచలేదు. మామూలుగా బేరం చెప్పేటప్పటి గొంతుతోనే అన్నారు. "ప్రసాదరావు గారూ, గిటార్ వస్తే పిల్లతోటే వస్తాది. పిల్ల రాకపోతే గిటార్ కూడా ఇక్కడే ఉంటాది. మీరు ఆలోచించుకోండి. ఈలోగా చల్లగా ఏటైనా తాగుతారా?"

ఆయన ఏమీ తాగకుండానే వెళ్లిపోయారు. మర్నాడు కబురు వచ్చింది. రాయపూర్ కళాకారుడితో పాటు నాకూ ఒక్క పాట.

ఆ ఒక్క పాట కోసం పిన్ని నాకంటే ఎక్కువ కష్టపడ్డారు. కొట్టులోని చీరలన్నీ గిటార్ పక్కన పెట్టి చూశారు. ఎరుపు వద్దు, గిటార్‌ని మింగేస్తుంది అన్నారు. తెలుపు వద్దు, అంచు కనబడదు అన్నారు. చివరికి ఆవపువ్వు రంగు నేత చీర తీశారు. నేను మా అమ్మ పనులు చేసుకుంటూ పాడుకునే ఒక జోలపాట వరసని గిటార్ మీదకి తెచ్చుకున్నాను. వేదిక ఎక్కి కూర్చుని గిటార్ ఒళ్లో పెట్టుకున్నాను. ముందు వరసలో పిల్లలు గిటార్‌ని వేలెత్తి చూపిస్తున్నారు. దీపాల వెలుతురుకి మెడ మీది చిప్ప తీగంతా ఒక్కసారి వెలిగింది. అప్పుడు, కొట్టులో ఆవిడ చెప్పిన ఆ ధైర్యం, నిజంగా నా భుజాల్లోకి వచ్చింది. వాయించాను. మొదట గుసగుసలు వినబడ్డాయి. తర్వాత అవి ఆగిపోయాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన పెద్దావిడలు కొందరు ఆ వరస గుర్తుపట్టి గొంతు కలిపారు. ఎవరూ అడగకుండానే హాలు సగం పాడింది. రాయపూర్ నుంచి వచ్చిన ఆయన పక్కన నిలబడి తాళం వేశాడు.

దిగాక మాత్రం నన్ను చిన్నబుచ్చినట్టయింది. వచ్చిన ప్రతివాళ్లూ 'గిటార్ ఎంత బాగుందమ్మా' అనేవాళ్లే. ఇంటికి నడుస్తూ పిన్నితో ఆ మాట చెప్పుకున్నాను.

"ఓలే గుంటా" అన్నారావిడ, నా భుజం మీద చెయ్యి వేసి, "గిటార్ని చూసి వచ్చి కూకున్నారు. అది నిజమే. నువ్వు వాయించేవు కాబట్టి లెగనేదు. రెండూ నీకొచ్చినవే."

ఆ తర్వాత నుంచి నాకు పిలుపులు మొదలయ్యాయి. దుర్గ్, కుమ్హారి, రాయపూర్. పెళ్లిళ్లు, పూజలు, కాలేజీ వేడుకలు. ఒకరోజు పిన్ని కలకత్తా దుకాణానికి ఫోన్ చేసి, ఇంకా నగిషీ పనేమీ పెట్టని ఒక గిటార్ తయారుచెయ్యమని చెప్పి నా వైపు తిరిగారు. "పని ఏటి పెట్టాలో నువ్వు చెప్పాల. ఇది నీ మోడలు."

నేను నవ్వేశాను. సిగ్నేచర్ మోడల్ అంటే లోకానికంతా తెలిసినవాళ్లకి. నాకెందుకు?

"వాళ్ల పేరు వాళ్ల ఊళ్లోళ్లే ముందు అనుంటారు కదేటి?" అన్నారు పిన్ని. "మన ఊరు నీ పేరు అంటంది. చాలు."

చాలా రోజులు ఆలోచించి రంధ్రం చుట్టూ మా అమ్మ చీరల్లోని కోణాల అంచు పెట్టమన్నాను. రంగు వేయకుండా చెక్కని చెక్కలాగే ఉంచమన్నాను. మిగిలింది సంతకం. నేను ఎప్పుడూ చేసినట్టే హిందీలో చేసి చూపించాను. భిలాయిలో పుట్టి హిందీ బడిలో చదివినదాన్ని. తెలుగు మాట్లాడేదాన్ని గానీ అప్పటికి రాయడం రాదు. పిన్ని కాగితం వెనక్కి ఇచ్చేశారు.

"బాగుంది. కానీ మీ నాయన నీ పేరు తెలుగులో పెట్టేడు. అలాగే రాయి."

ఆవిడే దగ్గర కూర్చుని, పాత క్యాలెండర్ కాగితాల వెనక 'హేమలత' అని రాసి చూపించారు. నేను దిద్దాను. 'హే' దగ్గర నా చెయ్యి తిరిగేది కాదు. దిద్దగా దిద్దగా అక్షరాలు కుదురుగా వచ్చాయి. అచ్చం ఆవిడ రాసినట్టే ఒక సంతకం చేసి గర్వంగా చూపించాను. పిన్ని కాగితాలన్నీ తిరగేసి, మొదట్లో నేను చూడకుండా రాసినదొకటి బయటికి తీశారు. అందులో 'హే' ఒక పక్కకి ఒరిగి ఉంది, 'త' తోక కిందికి జారిపోయింది.

"ఇది పంపుదాం" అన్నారు.

"అది వంకరగా ఉంది పిన్నీ!"

"మిగతావన్నీ నన్ను చూసి రాసినవి. ఇది నీది."

ఆ వంకర సంతకమే ముత్యపు చిప్పలో చెక్కి నా గిటార్ మెడ మీద పొదిగారు. వచ్చిన రోజు పిన్ని దాన్ని కొట్టు బల్ల మీద పెట్టి, ఆ రోజు వచ్చినవాళ్లందరికీ, చీర కొన్నా కొనకపోయినా, వేలుపెట్టి చదివి వినిపించారు.

పిన్ని పోయి రెండేళ్లయింది. చివరిదాకా కొట్టుకి వచ్చారు. నల్ల గిటార్ నాకూ, మిగతా రెండూ నేను రిసాలిలో నడుపుతున్న గిటార్ తరగతికీ ఇవ్వమని వాళ్లబ్బాయికి ముందే చెప్పి ఉంచారు. తేనెరంగు గిటార్ పలక మీది పిట్టల మధ్య ఇప్పుడు పిల్లల గోళ్ల గీతలు కూడా చేరాయి. వాటిని చూస్తే ఆవిడ సంతోషించేవారని నాకు తెలుసు.

కిందటి చలికాలం రాయపూర్‌లో ఒక పెద్ద వేదిక మీద వాయించాను. చేతిలో నా గిటార్ ఉంది. కార్యక్రమం నడిపే కుర్రాడు మెడ మీద మెరుస్తున్న అక్షరాలు చూసి, అవి ఏ భాషో తెలియక, ఇది ఏ గాయకుడి సిగ్నేచర్ మోడలని మైకులోనే అడిగాడు. "మేడమ్, యే కిస్ సింగర్ కా సిగ్నేచర్ మోడల్ హై?"

హాలంతా వింటోంది. ఒకప్పుడైతే నవ్వి తప్పించుకునేదాన్నేమో.

"మేరా", నాదే, అన్నాను. తర్వాత ఆ అక్షరాల మీద వేలుపెట్టి, ఒక్కొక్కటే అతనికి చదివి వినిపించాను.