బండ మీద ఆరేసిన గొంగడి

పోయిన వారం బొంబాయిలో ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు ఫోనుకు ఒక వీడియో పంపింది. సముద్రం గోడ దాటి రోడ్డు మీదికి ఎగిరిపడుతుంటే, గొడుగులు పట్టుకున్న జనం తడుస్తూ కేరింతలు కొడుతున్నారు. నిన్న తీశానంది గానీ, ఏ వేళకో పిల్ల చెప్పలేదు. నేను గోడకున్న క్యాలెండరు వంక చూసి, నిన్న పౌర్ణమి కదా, పగలు పదకొండు దాటాక తీసి ఉంటావు అనేసరికి పిల్ల అవునంది. మక్తల్ దగ్గర మెట్ట చేల నడుమ, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఊళ్లో, మంచం మీద కూర్చున్న ముసలిదానికి ఆ వేళ ఎట్లా తెలిసిందని దానికి ఆశ్చర్యం. ఫోనులో చెబితే తెగే కథ కాదు కాబట్టి, ఓపిగ్గా వినే నా ఈడు వాళ్లకు చెప్పుకుంటున్నాను.

పోలీసు యాక్షన్ అయి పదేళ్లు కావస్తున్న రోజులవి. మాది గొర్రెలు కాసుకునే కుటుంబం. పెళ్లయిన రెండో ఏడు, బొంబాయి బట్టల మిల్లులో పని దొరికిందని మా ఆయన నన్ను కూడా తీసుకుని బయలుదేరాడు. మా వైపు నుంచి బొంబాయి పోయే మగవాళ్లు ఎందరో ఉండేవారు గానీ, ఆడవాళ్లు ఊళ్లోనే ఉండిపోయి ఏడాదికొకసారి మొగుడి ముఖం చూసేవాళ్లు. కృష్ణ స్టేషన్లో రైలెక్కేటప్పుడు మా బాపు నా ఒళ్లో ఒక నల్ల గొంగడి పెట్టాడు. మా మంద బొచ్చుతో మా అవ్వ నూలు వడికితే, బాపు తన చేత్తో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి అది. "మనసొప్పకుంటే ఒక్క కార్డు రాయించు బిడ్డా, నేనొచ్చి తోల్కపోత" అన్నాడు. ఆ మాటే ధైర్యంగా రైలెక్కాను.

వర్లి దగ్గర చాల్ అనే కూలీల వరస ఇళ్లలో ఒక గది. పది గదులకు ఒక కొళాయి, గదికి ఒక కిటికీ, కిటికీకి ఎదురుగా ఇంకొకరి కిటికీ. తెలుగు కూలీలందరినీ అక్కడ కామాఠీలు అనేవారు. మొదటి వాన పడిన రోజు, మా ఊళ్లో చేసినట్టే చేతిలో పని వదిలేసి వీధిలోకి పరుగెత్తి, చేతులు చాచి నిలబడ్డాను. చాలంతా కిటికీల్లోంచి నన్ను చూసి నవ్వింది. వాళ్లెందుకు నవ్వారో రెండు వారాలకు తెలిసింది, అప్పటికీ ఆ వాన ఆగలేదు మరి. బియ్యం బూజు పట్టింది, ఉప్పు నీరు కారింది, గొంగడికి పట్టించిన గంజి ముక్కి కంపు కొట్టింది. పక్కింటావిడ ముక్కు మూసుకునేది. నాకేమో వాళ్ల ఎండుచేపల వాసనకు అన్నం సహించేది కాదు. ఊళ్లో ఉన్నప్పుడు వాన కోసం ఎంత మొక్కానో, అక్కడ వాన ఆగాలని అంత మొక్కాను. చివరికి వీధిలో ఉన్న ఒక తెలుగు పెద్దాయనతో కార్డు రాయించాను, బాపును వచ్చి తోల్కపొమ్మని. జొన్న విత్తనం అయిపోగానే దీపావళికి వస్తానని జవాబొచ్చింది. మా ఆయన ఆ కార్డు నాకు చదివి వినిపించి, గూట్లో పెట్టి మిల్లుకు వెళ్లిపోయాడు.

దసరా పోయి ఎండలు కాశాయి. పౌర్ణమి నాటి పొద్దున మా ఆయన పనికి వెళ్లగానే గొంగడి భుజాన వేసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లాను. మా ఊళ్లో గొంగడి తడిస్తే వాగులో పరుస్తాం. వాగులో నీళ్లు పారేది ఏడాదిలో నాలుగు రోజులు, తక్కినదంతా ఇసుకే. ఆ పొద్దున సముద్రం కూడా నాకు అట్లాగే కనిపించింది. నీళ్లు ఎంతో దూరాన ఉన్నాయి, ఇవతల కనుచూపు మేర ఇసుకా నల్ల బండలూ. పారిన నీళ్లు పారిపోయాయి అనుకున్నాను. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న బండ మీద గొంగడి పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఇంటికొచ్చి రొట్టెలు చేసుకున్నాను. మిల్లు మధ్యాహ్నపు కూత వినబడ్డాక ఆరి ఉంటుంది కదా అని పోయి చూస్తే బండా లేదు, ఇసుకా లేదు, నేను నడిచిన చోటంతా నిండా నీళ్లు.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఏం ముఖం పెట్టుకుని బాపు ముందు నిలబడతానన్నదే నా ఏడుపు. కోళీ జాలరుల ఆవిడ ఒకామె ఒడ్డున వెదురు దండేల మీద చేపలు ఆరేసుకుంటూ నన్ను చూసి వచ్చింది. ఆమె మరాఠీ నాకు రాదు, నా తెలుగు ఆమెకు రాదు. నేను చేతులతో గొంగడి పరిచి చూపిస్తే ఆమె పడీ పడీ నవ్వి, ఆకాశంలో పొద్దు దిగే చోటు చూపించి, అంతవరకు కూర్చోమని సైగ చేసింది. కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా నీళ్లు అడుగడుగూ వెనక్కి జరిగాయి. ముందు బండ నెత్తి కనిపించింది, తర్వాత దాని నడుముకు చుట్టుకుని, ఒక్క రాయి కింద ఒక్క కొస చిక్కుకుని, నా గొంగడి.

గొంగడి దొరికిన సంతోషం కన్నా ఆ నీళ్లు ఎక్కడికి పోయి ఎందుకు వచ్చాయన్న వింత నన్ను పట్టుకుంది. మా వాగులో పోయిన నీళ్లు తిరిగి రావడం ఎవరైనా చూశారా? మర్నాటి నుంచి రోజూ పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమెను మావశీ అని పిలిచేదాన్ని, అంటే పిన్ని అని. ఊరికే కూర్చోలేక ఆమెతో పాటు చేపలు దండేలకు తగిలించాను, నాలుగో రోజుకు వాసన సంగతే మరిచిపోయాను. పాడ్యమి మొదలు తిథికి ముప్పావు గంట చొప్పున కలుపుకుంటూ పోతే నీళ్లు నిండే వేళ వస్తుందని ఆమె వేళ్ల మీద నేర్పింది. పాడ్యమి, విదియ మా అవ్వ దగ్గర పుట్టినప్పటి నుంచి విన్న పేర్లే గదా, నాకు తేలిగ్గా పట్టుబడింది. పున్నమికీ అమాసకూ పదకొండుంబావు. గడియారం లేకపోయినా మిల్లు కూతలు ఉండనే ఉన్నాయి. ఆ పదిహేను రోజుల్లో ఊరు గుర్తొచ్చింది గానీ, ఊరికి పోవాలని మాత్రం అనిపించలేదు.

కానీ బాపు వచ్చాడు. మందను తమ్ముడికి అప్పగించి, రైలు బోగీలో నేల మీద కూర్చుని, నా కార్డు మడిచి రుమాలులో కట్టుకుని వచ్చాడు. ఇప్పుడు రానని ఎట్లా చెప్పను? నేను రమ్మంటేనే కదా వచ్చాడు! మా ఆయన నా చీరలు రెండూ మడిచి పెట్టెలో పెట్టాడు.

అమాస పొద్దున బాపును సముద్రం చూపిస్తానని తీసుకెళ్లాను. నేరుగా పోయి ఆ బండ మీదే కూర్చుని చుట్ట ముట్టించాడు. లే బాపూ, ఈ చుట్ట అయిపోయేలోపు ఇక్కడికి నీళ్లొస్తయి అన్నాను.

"నీళ్లేమన్న మన గొర్లా బిడ్డా, యాళ్లకు ఇంటికొచ్చెటందుకు?" అని నవ్వాడు.

చుట్ట సగం కాలేసరికి నీళ్లు కాళ్ల వేళ్లకు తగిలాయి. బాపు ఉలిక్కిపడి లేచి, నీళ్ల వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. ఒడ్డున ఉన్న గోడ మీదికి చేరుకున్నాక మళ్లీ ఎప్పుడు పోతాయని అడిగాడు. పొద్దుగూకేటాలకు అన్నాను. అంతే, కదల్లేదు. మావశీ ఇచ్చిన రొట్టె అక్కడే తిని, మేతకు పోయిన మందను చూసుకున్నట్టు రోజంతా ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం బండ బయటపడ్డాక లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"రేపటి రైలుకు ఒక్క టికెటే తియ్యమను అల్లుణ్ని" అన్నాడు.

నా మనసు నా నోటితో చెప్పించకుండానే తెలుసుకున్నందుకు ఏడుపొచ్చింది. ఒక్కసారైనా రమ్మని బలవంతం చేయనందుకు కొంచెం కోపం కూడా వచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ చాల్లోనే ఉన్నాను, అక్షరాలు నేర్చుకున్నదీ అక్కడి తెలుగు బడిలోనే. బాపు మళ్లీ బొంబాయి రాలేదు. నేను ఊరికొచ్చినప్పుడల్లా మాత్రం కాళ్లకు నీళ్లిచ్చి, "ఇప్పుడు ఆడ నీళ్లు వచ్చినయా, పోయినయా?" అని అడిగేవాడు. నేను తిథి లెక్కవేసి చెబితే, తన మంద క్షేమం విన్నట్టు తల ఊపి, అప్పుడు నా పిల్లల సంగతి అడిగేవాడు.

ఇప్పుడు ఆ బండలున్న చోట పెద్ద రోడ్డు వచ్చిందట. పోటు వేళలన్నీ ఫోనులోనే చూసుకోవచ్చని, లెక్క వేయడం ఎందుకని మనవరాలు చెప్పింది. నిజమే. మావశీ పోయింది, మా ఆయన పోయాడు, గొంగడిని పురుగు తినేసింది. ఇవాళ దశమి, ఏడున్నరకు నీళ్లు నిండి ఉంటాయి. బాపు పోయినప్పటి నుంచి నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు, అయినా పొద్దున లేచి క్యాలెండరు చూడగానే ఆయనకు చెప్పవలసిన జవాబు సిద్ధం చేసుకుంటాను.