భీమవరం వెళ్ళి ఒక్క మెయిల్‌తో తిరిగొచ్చాను

రాజమండ్రి నుంచి భీమవరం ఎవరైనా రొయ్యల పని మీదో, పెళ్ళిసంబంధం మీదో వెళ్తారు. నేను మెయిల్స్ కోసం వెళ్ళాను. మా అక్క అక్కడ రొయ్యల మేత అమ్మి, రొయ్యలు కొనే ఒక ఆఫీసులో పనిచేసేది. నేను విశాఖపట్నం హాస్టల్లో ఉన్న మూడేళ్ళూ ఆ ఆఫీసు కంప్యూటర్ నుంచే నాకు మెయిల్ రాసేది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కిందటేడు జబ్బు చేసి పోయింది. ఆ దిగులులో నెలల తరబడి నేను మెయిల్ తెరవలేదు. తెరిచేసరికి, వాడటం లేదని మెయిల్ కంపెనీవాళ్ళు నా పెట్టె మొత్తం ఊడ్చేశారు. ఇక అక్క రాతలు మిగిలింది ఆ ఆఫీసు కంప్యూటర్లోనే. దాన్ని మార్చేస్తున్నారని తెలిసి, అకౌంటెంటు రాజుగారికి ఫోన్ చేసి, అక్క మెయిల్స్ పోనివ్వకండి, వచ్చి ఫ్లాపీల్లో ఎక్కించుకుంటానన్నాను. అని, ఎండలకి జడిసి రెండు వారాలు కదల్లేదు. నా అంత బుద్ధిలేనిది ఇంకెక్కడా ఉండదు.

ఉదయం ఆరున్నరకి కాంప్లెక్సులో బస్సెక్కితే, రావులపాలెం, పెనుగొండ మీదుగా తొమ్మిదిన్నరకి భీమవరంలో దింపాడు. టికెట్టు ముప్ఫై చిల్లర. కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. వీరవాసరం దాటాక ఇటూ అటూ చెరువులే. ఆటో అతను నా ఒళ్ళో ఫ్లాపీ డబ్బాలు చూసి, కంప్యూటర్ బాగుచెయ్యడానికొచ్చారా అండి అని అడిగాడు. అవునన్నాను. అసలు సంగతి చెప్పడం కన్నా అబద్ధమే తేలిక.

ఆఫీసులో కొత్త కంప్యూటర్ పసుపూ కుంకుమ బొట్లతో కూర్చుని ఉంది. సోమవారం ముహూర్తం చూసి మొదలుపెట్టారట. రాజుగారికి అరవై ఉంటాయి. టీ తెప్పించి, రెండు రోజులు కూర్చుని అక్క మెయిల్స్ ఒక్కొక్కటే ఏరి ఇందులోకి మార్చానని సంబరంగా చూపించారు. నూట నలభై. మేత బస్తాలు, ఐసు, చెక్కులు. అక్క నాకు రాసే ప్రతి మెయిల్‌కీ పైన ‘తిన్నావా’ అనే ఉండేది. అలాంటిది ఒక్కటీ లేదు.

“నాకు రాసినవి ఏవండీ?”

ఆయన కళ్ళజోడు తీశారు. “అవి సొంత ఉత్తరాలు కదమ్మా. ఇందులో ఉంచితే రేపు ఇంకో గుమాస్తా కూర్చుని చదువుతాడు. పైన ‘తిన్నావా’ అని కనపడగానే తెరవకుండా తీసేశాను. ఒక్క ముక్క చదవలేదు, దేవుడి మీద ఒట్టు.”

ఆడపిల్ల రాసుకున్నది పరాయివాళ్ళ కంట పడకూడదన్నది ఆయన పెరిగిన మర్యాద. ఏమని తిడతాను? పాత కంప్యూటర్ తీసుకెళ్ళిన షాపుకి నా ఎదుటే ఫోన్ చేశారు. తీసుకెళ్ళిన రోజే అంతా చెరిపేసి అమ్మేశారట. ఫోన్ పెట్టేసి ఆయన నా మొహం చూడలేకపోయారు.

మూడింటిదాకా ఆ నూట నలభై చదివాను. ఐసు ఫ్యాక్టరీకి రాసిన ఒకదాని చివర ఇలా ఉంది: “డ్రైవరుకి భోజనం ఇక్కడేనండి. కిందటిసారి తినకుండా వెళ్ళిపోయాడు. ఈసారి తినకుండా పంపను.” ఆ ఒక్కటీ ఫ్లాపీలో ఎక్కించుకున్నాను. మిగిలిన పంతొమ్మిది ఫ్లాపీలూ ఖాళీగానే తెచ్చాను.

ఆ సాయంత్రమే రాజమండ్రి నెట్ సెంటర్లో తెరిచి చూశాను, తెరుచుకుంది. పక్కవాళ్ళకి అది ఐసు ఆర్డరు. అక్క పదిసార్లు తిన్నావా అంటే నేను ఒక్కసారి జవాబిచ్చేదాన్ని, అదీ రెండు ముక్కల్లో. ఆ జవాబులూ వాటితోపాటే పోయాయి. ఏడుపు కూడా రాలేదు, అంత నీరసంగా ఉంది. మీరెవరైనా ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క మాట: సొంత ఉత్తరాలే కావాలని సిగ్గుపడకుండా ముందే చెప్పండి, ఫోన్ పెట్టెయ్యగానే బస్సెక్కండి.