టోపీ వెంట పరుగెత్తిన సభ్యుడు

మా అక్క లవీనియా మొగుడు జేబెజ్ టనిక్లిఫ్ గుర్రాలకు జీనులు కుట్టుకుని బతికే మనిషి. ఆయన్ని రాజధాని వెల్లింగ్టన్‌లోని చట్టసభకు పంపింది బుర్ర చూసి కాదు, గొంతు చూసి. వైకోహా ఏటి ఒడ్డున నిలబడి ఒక్క కేక వేస్తే అవతలి ఒడ్డున గుర్రుపెట్టే పడవవాడు మర్డో ఉలిక్కిపడి లేచేవాడు. ఇంత గొంతుతో అడిగితే ఏటి మీద వంతెన ఎందుకివ్వరని మావాళ్ళ ధీమా. ఎన్నిక రోజు మైదానంలో మగాళ్ళంతా చేతులెత్తి ఆయన్నే ఎన్నుకున్నారు. ఆడవాళ్ళ చేతులు లెక్కలోకి రావు, అది వేరే సంగతి.

కానీ ఆ వంతెన నాకు కావలసినంతగా ఇంకెవరికీ అక్కర్లేదు. నా మొగుడు ఈనాక్ పొంగిన ఆ ఏరు దాటబోయి గుర్రంతో సహా కొట్టుకుపోయాడు. బావ ప్రయాణమయ్యే రోజు ఈనాక్ పెళ్ళినాటి నల్ల పొడుగు టోపీ తీసి ఇచ్చాను.

"ఉత్త తలతో పోతే నవ్వుతారు బావా. ఇదిగో, పెట్టుకో. పోగొట్టావంటే మాత్రం ఇంటికి రాకు."

"నా తోడల్లుడి టోపీ కెజియా! నా తల పోయినా ఇది పోదు."

సభలో మా సింహం నోరు విప్పితే ఒట్టు. వంతెన మాట ఓటుకు వచ్చిన రోజు కూడా భోజనానికే లేచాడు. తిరిగొచ్చేదాకా తన చోటు ఎవరూ ఆక్రమించకుండా బల్ల మీద టోపీ పెట్టి వెళ్ళాడు. అక్కడ అదే ఆనవాయితీ. టోపీ కూర్చుంటే మనిషి కూర్చున్నట్టే.

ఇంతలో ఓటు గంట మోగింది. వంతెన కావాలన్నవాళ్ళు ఒక గదిలోకి, వద్దన్నవాళ్ళు ఇంకో గదిలోకి వెళ్ళాలి. తలుపులు మూసి తలలు లెక్కపెడతారు. బావ మూతి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి, వంతెన దండగని రోజూ అరిచే ఓ గొర్రెల ఆసామి, చూపు ఆనక తనదే అనుకుని, ఈనాక్ టోపీ నెత్తిన పెట్టుకుని పోతున్నాడు.

"ఒరేయ్, నా టోపీ!"

అదే సభలో బావ చేసిన మొదటి ప్రసంగం, చివరిదీ అదే. ఆసామి వెంటపడి వద్దన్నవాళ్ళ గదిలో దూరి టోపీ లాక్కున్నాడు. వెనక తలుపు మూసుకుంది.

"అయ్యా, నేను టోపీ కోసం వచ్చాను! నాకు వంతెన కావాలి!"

"ఏ గదిలో ఉంటే ఆ ఓటేనయ్యా," అన్నాడు లెక్కపెట్టేవాడు.

ఒక్క ఓటుతో వంతెన పోయింది. బావ ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చేశాడు. ఈ వార్త ఆయనకంటే ముందే ఊరు చేరింది. ఆయన అవతలి ఒడ్డుకొచ్చి కేక వేస్తే మర్డో కదల్లేదు.

"వద్దన్నావుగా! ఇంకేం, అక్కడే ఉండు!"

ఊరంతా విరగబడి నవ్వింది. అక్క ఏడుస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈనాక్ పోయాక ఆ నీళ్ళలో పాదం పెట్టనిదాన్ని, ఆయన్ని ఎదురుగా నిలబెట్టి తిట్టాలన్న కసితో తెడ్డు అందుకుని పడవెక్కాను.

అవతల దిగగానే అందుకున్నాను. "బుద్ధుందా బావా నీకు? పాత టోపీ ముఖ్యమా, వంతెన ముఖ్యమా?"

అంత గొంతున్న మనిషి గొణిగాడు. "ఏరు వాణ్ణెలాగూ తీసుకుపోయింది కెజియా. వాడి టోపీ కూడా ఇంకెవడో పట్టుకుపోతుంటే... ఆ క్షణంలో నాకు వంతెన గుర్తురాలేదే."

పడవ ఎక్కమన్నాను. నడి ఏట్లో నేను తెడ్డు వేయడం ఆపి నీళ్ళకేసే చూస్తుంటే ఆయనే దాన్ని తీసుకున్నాడు. మళ్ళీ దించలేదు. ఆ రోజు నుంచీ మర్డోని గెంటేసి పడవ తనే నడిపాడు. జీనుల పని అక్క చూసుకుంది.

ఏరు పొంగితే ఎవణ్ణీ ఎక్కించుకునేవాడు కాదు. ఓట్లడగడానికొచ్చిన కొత్త పెద్దమనిషిని కూడా వానలో అవతలి ఒడ్డున కూర్చోబెట్టి, "నీళ్ళు తగ్గాక రావయ్యా, వంతెన సంగతి అప్పుడు మాట్లాడదాం!" అని ఇవతలి నుంచి కేకలేశాడు. వాడు తిట్టని తిట్టు లేదు. వంతెన మాకు చాలా ఏళ్ళకు గానీ రాలేదు. కానీ ఆ ఏళ్ళన్నిటిలో మా ఊళ్ళో ఇంకే ఆడదీ నాలాగా ఏటి ఒడ్డున మొగుడి కోసం వెతుక్కోలేదు.