అక్క వీసా క్యాన్సిల్ చేసిన పత్రిక

2002లో నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఆఫ్‌సెట్ మెషీన్ ఆపరేటర్‌గా పనిచేసేవాణ్ణి. మాది నెల్లూరు జిల్లా. ఊళ్ళో శుభలేఖలు, వాల్‌పోస్టర్లు అచ్చువేసి చేయి తిరిగాక గల్ఫ్‌కు వచ్చాను. మా ప్రెస్సుకు వచ్చేదంతా హోటళ్ళ మెనూలు, సూపర్ మార్కెట్ల కరపత్రాలు. అరబిక్, ఉర్దూ, మలయాళం అన్నీ అచ్చువేసేవాళ్ళం. చైనా అక్షరాలు మాత్రం ఆ ఏడాదే మొదటిసారి నా చేతికి వచ్చాయి.

తెచ్చినాయన పేరు లియాంగ్. అరవై దగ్గరపడ్డ మనిషి. చిన్నప్పుడు వాళ్ళ దేశంలో సీసపు అక్షరాలు ఏరి కూర్చే కంపోజిటరుగా పని మొదలుపెట్టాడట. భార్యతో, కూతురు మెయ్‌తో కలిసి దుబాయ్‌లోని దేరాలో ఒక ఫ్లాటులో ఉంటూ, చైనావాళ్ళ కోసం నాలుగు పేజీల వారపత్రిక మొదలుపెట్టాడు. తండ్రి పేజీలు చూసేవాడు, కూతురు వార్తలు రాసేది, తల్లి కట్టలు కట్టి హోటళ్ళకు చేర్చేది. కొడుకు జున్ అప్పటికి చైనాలో కాలేజీ చదువులో ఉన్నాడు.

మొదటి వారమే ముసలాయన నా పక్కన నిలబడి, అచ్చయిన కాగితం మీద భూతద్దం పెట్టి చూపించాడు. చైనా అక్షరంలో గీతలు ఎక్కువ, మధ్యలో సందులు తక్కువ. సిరా కాస్త ఎక్కువైతే సందులు పూడిపోతాయి. "పొట్ట నిండిన అక్షరాన్ని ఎవరూ చదవలేరు" అని ఆయన సైగలతో చెబితే, మెయ్ దాన్ని ఇంగ్లీషూ హిందీ కలిపి నాకు అర్థమయ్యేలా చెప్పింది. మేమెప్పుడూ ఆ కలగలుపు భాషలోనే మాట్లాడుకున్నాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ రోజుల్లోనే దుబాయ్‌కి చైనావాళ్ళు గుంపులుగా రావడం మొదలైంది. బొమ్మలు, చెప్పులు, టైల్స్ అమ్మే దుకాణాలు లెక్కలేనన్ని వెలిశాయి. సైట్లలో చైనా మేస్త్రీలు, వడ్రంగులు కనిపించసాగారు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు, అరబిక్ రాదు. వీసా నిబంధన మారినా, బస్సు రూటు మారినా చెప్పే దిక్కు ఈ పత్రికే. రెండేళ్ళు తిరిగేసరికి లియాంగ్ గారు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కు అనే పారిశ్రామికవాడలో షెడ్డు తీసుకుని, సెకండ్ హ్యాండ్ వెబ్ మెషీన్ కొన్నాడు. విడి షీట్లు కాకుండా, పెద్ద చుట్టగా వచ్చే కాగితం మీద అచ్చువేసి, మడతపెట్టి పడేసే యంత్రమది. నన్ను ఫోర్‌మన్‌గా తీసుకున్నాడు. నాకు తోడు కరీంనగర్ యాదగిరి. సోనాపూర్ లేబర్ క్యాంపులో నా గదిలోనే ఉండేవాడు.

ఆ షెడ్డులో పని నాకు నచ్చింది. గురువారం పొద్దున మెషీన్ మొదలుపెడితే మధ్యాహ్నానికి కట్టలు బయటికి పోయేవి. శుక్రవారం సెలవుకి అందరి చేతిలో పత్రిక ఉండేది. గురువారం మా అందరికీ మెయ్ తల్లి వండి తెచ్చేది. యాదగిరి ఆ నూడుల్స్ మీద తన పచ్చికారం చల్లుకుని, "అమ్మా, గిప్పుడు తినొస్తది" అనేవాడు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వేది.

శుక్రవారాలు చైనా కూలీలు ముగ్గురు నలుగురు కలిసి షెడ్డు దగ్గరికి వచ్చేవాళ్ళు. "పేపరమ్మాయి" కోసం. ఒకసారి కంటికి గుడ్డ కట్టుకున్న వెల్డరును వెంటబెట్టుకొచ్చారు. నిప్పురవ్వ పడింది. ఆస్పత్రిలో ఏం చెప్పాలో వాళ్ళకు తెలియదు. మెయ్ చేతిలో పెన్ను పక్కనపెట్టి అతన్ని కారులో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చాక అడిగాను.

"కన్ను దక్కిందా మేడమ్?"

"దక్కింది, మస్తాన్ భాయ్. కానీ అద్దాలు ఇవ్వకుండా వెల్డింగ్ చేయిస్తున్నారు. వచ్చే వారం అదే రాస్తాను."

రాసింది కూడా. ఆ పత్రికకు విలువ అలా వచ్చింది.

2005లో చదువు ముగించుకుని జున్ వచ్చాడు. మాటకారి, చురుకైనవాడు. ఉన్నమాట చెప్పాలి, ప్రకటనలు తేవడంలో అతన్ని మించినవాడు లేడు. రంగు పేజీలు వచ్చింది అతని వల్లే. ప్రకటనలు పేజీలు మింగేస్తున్నకొద్దీ మెయ్ వార్తలు లోపలికి జరిగాయి. అక్కాతమ్ముళ్ళు వాదించుకోవడం మొదలైంది. ముసలాయన ఉన్నంతవరకూ ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టి సర్దేవాడు.

2007లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, మాట రెండూ పడిపోయాయి. వైద్యానికి చైనా తీసుకెళ్ళి బంధువుల దగ్గర ఉంచారు. వెళ్ళేముందు కంపెనీ మీద సంతకం చేసే హక్కంతా, ఎడమచేతి వేలిముద్ర వేసి, కొడుక్కి రాసిచ్చాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇంటి పత్రికే కదా.

ఆ వేసవిలో ఒక చైనా వ్యాపారి గోడౌనులో మంటలు లేచాయి. కింద సరుకు, పైన అతని దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లల పడకలు. కిటికీలకు ఇనుప గ్రిల్లు బిగించి ఉంది. వెనక తలుపుకు అడ్డంగా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఇద్దరు అమ్మాయిలు బయటపడలేక చనిపోయారు. వాళ్ళలో ఒకమ్మాయి బొమ్మల కొట్టులో ఉండేది. మా యాదగిరి తన బిడ్డ కోసం కీ ఇస్తే గెంతే కుందేలును ఆమె దగ్గరే కొన్నాడు.

ఇంగ్లీషు పేపర్లలో గోడౌనులో అగ్నిప్రమాదం అని నాలుగు ముక్కలు వచ్చాయి. మెయ్ మాత్రం బతికి బయటపడ్డ పిల్లలను ఆస్పత్రిలో కలిసి, ఆ గ్రిల్లు ఫోటో తీసి, మొదటి పేజీ నిండా రాసింది. నాకు చదవడం రాదు. అచ్చు ప్లేటు మెషీన్‌కు బిగిస్తుంటే తనే పక్కన నిలబడి ఒక్కో పేరా చెప్పింది. అగ్గి పుట్టినప్పుడు లోపలినుంచి పిల్లలు ఏమని అరిచారో కూడా చెప్పింది. యాదగిరి తల తిప్పుకున్నాడు.

ఆ వ్యాపారి మా పత్రికకు అందరికన్నా పెద్ద ప్రకటనదారుడు.

మెషీన్ ఊపందుకున్నాక జున్ వచ్చాడు. కార్లోంచి దిగి సూటిగా మెషీన్ దగ్గరికే నడిచాడు.

"ఆపు, మస్తాన్."

"ఏమైంది సార్?"

"మొదటి పేజీ ప్లేటు తీసెయ్. ఇది పెట్టు." చేతిలో విల్లాల ప్రకటన ఫిల్ములు, దాని రంగు నమూనా ఉన్నాయి. నీలం ఆకాశం, ఈతకొలను, నవ్వుతున్న జంట.

మెయ్ ఆఫీసు గదిలోంచి పరుగున వచ్చింది. ఇద్దరూ చైనా భాషలో అరుచుకున్నారు. నాకు భాష రాకపోయినా ఎవరు బతిమాలుతున్నారో, ఎవరు కసురుతున్నారో తెలియడానికి భాష ఎందుకు? ఇంతలో జున్ మావైపు తిరిగి, మాకు అర్థం కావాలని ఇంగ్లీషులో అన్నాడు.

"ఈ వార్త వేస్తే లైసెన్సు పోతుంది. మీ వీసాలూ పోతాయి. తెలుసా?"

మెయ్ ఊరుకోలేదు. "ప్రమాదం జరిగిందని ప్రభుత్వమే చెప్పింది. నేను ఎవరినీ తిట్టలేదు. తలుపు మూసి ఉందని రాశాను, అంతే. నీకు లైసెన్సు భయం లేదు జున్, అతని భయం."

"ఇక్కడ మేనేజర్‌ని నేను. నువ్వు సెక్రటరీవి. నీ వీసాలో అదే ఉంది."

నిజమే, వీసాలో అదే ఉంది. మొదట్లో ఏ హోదా తొందరగా దొరికితే అది వేయించాడు తండ్రి. పత్రిక పుట్టిన రోజునుంచీ దాన్ని నింపిన మనిషి సెక్రటరీ! ఆ మాట అన్నప్పుడు మెయ్ ముఖం చూశాను. తమ్ముడు చెంపమీద కొట్టినా అంత తెల్లబోయేది కాదేమో.

నేను ప్లేటు విప్పనన్నాను. "పెద్ద ముదీర్, మీ నాన్నగారు చెబితే విప్పుతాను సార్. ఆయనకు ఫోన్ చేయండి."

"ఆయనకు మాట రాదు!"

"అయితే నాకు చేయి రాదు."

జున్ పక్క షెడ్డునుంచి ఇంకో ఆపరేటర్‌ని పిలిపించాడు. అతనూ మనలాంటి పొట్టకూటివాడే, తప్పు పట్టను. నీలం ఆకాశం ప్లేటు ఎక్కింది. అప్పటికే అచ్చయిపోయిన కాపీలు గోడవారగా ఎత్తుగా పేర్చి ఉన్నాయి. "అదంతా రద్దీలో, చిత్తుకాగితాల్లో పడేయండి" అని చెప్పి జున్ వెళ్ళిపోయాడు.

యాదగిరి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, రద్దీ అంటే ఎవలు కొంటబోయినా రద్దీయే గద?"

"అంతేగదరా."

"మరి మేడమ్ కారు డిక్కీ ఖాళీగుంది."

ఇద్దరం కలిసి మోశాం. మెయ్ మొదట వద్దంది, మాకేమైనా అవుతుందని భయపడింది. యాదగిరి వినలేదు. "యల్లా మేడమ్, తీస్కపోన్రి. ఆ పోరి నా బిడ్డకు బొమ్మిచ్చింది."

ఆ మధ్యాహ్నం దేరాలోని చైనా హోటళ్ళలో రెండు పత్రికలు పక్కపక్కన పడ్డాయి. ఒకే పేరు, ఒకే తేదీ. ఒకదాని మీద గ్రిల్లు, ఇంకోదాని మీద ఈతకొలను. జనం గ్రిల్లు ఉన్నదాన్ని చేతులు మార్చుకుని చదివారు. కొన్ని హోటళ్ళలో గోడకు అంటించారు. ఆ వ్యాపారి మిగతా గోడౌన్లలో ఉన్న కిటికీల గ్రిల్లులు వారం తిరక్కుండా ఊడాయి. ఆ పని చేసిన వెల్డరే షెడ్డుకొచ్చి మెయ్‌కి చెప్పాడు.

ఆ తర్వాతే జున్ తన అక్క వీసా క్యాన్సిల్ చేయించాడు.

గల్ఫ్‌లో పనిచేయనివాళ్ళకు ఈ మాట బరువు తెలియకపోవచ్చు. అక్కడ మనం ఉండేది కంపెనీ ఇచ్చిన వీసా మీద. కంపెనీ వద్దంటే దేశం వదలాలి. మనకు వీసా ఇచ్చి అన్నం పెట్టే కఫీలో, పరాయి ముదీరో ఆ పని చేస్తే తిట్టుకుంటూ పెట్టె సర్దుకుంటాం. తోడబుట్టినవాడు, తను కాలేజీలో ఉన్నప్పుడు తన కోసం ఎండలో కొట్టుకొట్టుకూ తిరిగి పత్రిక నిలబెట్టిన అక్కను, పనికిరాని నౌకరును తోసినట్టు దేశంలోంచి తోశాడు. దానికి కావలసింది అతని సంతకం ఒక్కటే. ఏ చట్టమూ అడ్డురాలేదు. రాయడానికే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మెయ్ వెళ్ళేరోజు షెడ్డుకు వచ్చింది. మెషీన్ మీద చేయి వేసి కాసేపు నిలబడింది. "సిరా ఎక్కువ వదలకు, మస్తాన్ భాయ్" అంది. ఆమెతోపాటు తల్లి కూడా వెళ్ళిపోయింది. కొడుకు ఎంత చెప్పినా ఆవిడ ఆగలేదు. ఆ తర్వాత మాకు గురువారం వంట లేదు. ఆ తండ్రి పెట్టిన ఇల్లూ పత్రికా ఒకేసారి రెండు ముక్కలయ్యాయి.

జున్ నన్ను తీసేయలేదు. ఆ పాత మెషీన్‌ని నడపడం ఇంకెవరికీ కుదరలేదు మరి. నేనూ వెంటనే వేరే పని దొరక్క ఉండిపోయాను. పత్రిక లావెక్కింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అపార్టుమెంట్లు, విల్లాలు. శుక్రవారం కూలీలు రావడం మానేశారు. హోటళ్ళలో కట్టలు విప్పకుండానే పడి ఉండేవి.

2008లో లియాంగ్ గారు చక్రాల కుర్చీలో తిరిగొచ్చాడు. మాట కొంచెం కూడుకుంది. షెడ్డుకు తీసుకెళ్ళమంటే జున్ తీసుకొచ్చాడు. ముసలాయన తాజా పత్రిక ఎడమచేత్తో తిరగేశాడు. మళ్ళీ మొదటినుంచి తిరగేశాడు. చదవడానికి అందులో ఏమీ లేదు.

నావైపు చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో, తడబడుతూ అడిగాడు. "నువ్వు... పత్రిక ఇలా అయిందని... నాకెందుకు చెప్పలేదు?"

జున్ పక్కనే ఉన్నాడు. అయినా నేను ఆపుకోలేకపోయాను.

"నేను చెబితే ఏం చేసేవారు ముదీర్? సంతకం మీరే కొడుక్కిచ్చారు. కూతుర్ని సెక్రటరీ చేసింది కూడా మీరే. పత్రిక నడిపినన్నాళ్ళూ ఆమె చేయి కావాలి, పేరు మాత్రం అక్కర్లేదా?"

"మనలో మనకు... కాగితాలెందుకు అనుకున్నాను" అన్నాడాయన.

"ఆ కాగితంతోనే ఆమెను విమానం ఎక్కించారు సార్."

జున్ నన్ను బయటికి పొమ్మన్నాడు. ముసలాయన మాత్రం ఎడమచేయి ఎత్తి కొడుకును ఆపాడు. ఎవరి ముఖమూ చూడకుండా, "మెషీన్ అమ్మెయ్" అన్నాడు. అంతటితో ఖలాస్. ఏడాది చివరికి విల్లాల వ్యాపారమే కూలింది కాబట్టి ఎలాగూ మూతపడేదే అనవచ్చు. నా లెక్కలో ఆ పత్రిక విల్లాల వల్ల చావలేదు. నీలం ఆకాశం ప్లేటు ఎక్కిన గురువారమే చచ్చింది.

మెయ్ ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో బడిలో పాఠాలు చెబుతోందని ఒకసారి ఫోనులో చెప్పింది. మళ్ళీ పత్రిక పెట్టాలని లేదా అని అడిగితే, "నాన్న ఉన్నన్నాళ్ళూ వద్దు" అంది. ఆయనను చూసుకుంటున్నది కూడా ఆమే.

నేను తిరిగొచ్చి మా చెల్లెలు షమీమ్‌తో కలిసి చిన్న ప్రెస్ పెట్టాను. డిజైన్ పని, కొట్టుకు వచ్చినవాళ్ళతో మాట్లాడటం అంతా తనే చూస్తుంది. రిజిస్ట్రేషన్ రోజున మా మామ అడ్డం పడ్డాడు. "అన్నాచెల్లెళ్ళ మధ్య భాగస్వామ్య పత్రాలేందిరా? ఊళ్ళో నవ్వుతారు" అన్నాడు.

"నవ్వనీ మామా" అని షమీమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి ముందు ఆమె చేత సంతకం పెట్టించాను. తర్వాత నేను పెట్టాను.